వజీఫా ఖైరాత్ కాదు, హక్కు

దేశానికి అసలైన దౌలత్ మన నౌజవాన్లే అని ఢిల్లీ తఖ్రీరుల్లో ఏటా వింటూనే ఉన్నాం. వినడానికి బాగానే ఉంటుంది. హిసాబు అడిగితేనే జవాబు దొరకదు.

జాతీయాదాయంలో 6 శాతం తాలీంకి ఖర్చు పెట్టాలని కొఠారీ కమిషన్ 1966లోనే చెప్పింది. 2020 జాతీయ విద్యా విధానం కూడా అదే 6 శాతాన్ని మళ్లీ రాసుకుంది. యాభై నాలుగేళ్ల తర్వాత అదే వాదా మళ్లీ చేయాల్సి వచ్చిందంటే, మధ్యలో ఏ సర్కారూ దాన్ని నిలబెట్టుకోలేదనే కదా! 1985 నుంచి 2020 దాకా ఆ మంత్రిత్వ శాఖ పేరే మానవ వనరుల అభివృద్ధి. పేరు మారింది గానీ తీరు మారలేదు.

ఇక మన మొహల్లాల సంగతికి వద్దాం. 6 నుంచి 14 ఏళ్ల ముస్లిం పిల్లల్లో నలుగురికి ఒకరు బడి మొహమే చూడలేదనీ, లేదా మధ్యలో మానేశారనీ 2006లో సచార్ కమిటీ తేల్చింది. ఆ తర్వాతే మైనారిటీ పిల్లలకు ప్రీ మెట్రిక్ వజీఫా వచ్చింది. 2022లో దాన్ని 1 నుంచి 8 తరగతుల దాకా ఆపేశారు. ఇక 9, 10 తరగతులకే ఇస్తామన్నారు. వాళ్లు చెప్పిన వజహ్ ఏమిటి? విద్యా హక్కు చట్టం ఎనిమిదో తరగతి దాకా చదువుని ముఫ్త్ చేసింది కాబట్టి వజీఫా అక్కర్లేదట!

సాబ్, ఫీజు మాఫ్ అయితే చదువు ముఫ్త్ అయిపోతుందా? గరీబు ఇంట్లో చదువు ఖరీదు ఫీజు కాదు. పిల్లాడు బడికి పోయినందుకు ఇంటికి రాని మజ్దూరీ అసలు ఖరీదు. మెకానిక్ షెడ్డు, పంక్చర్ దుకాణం, పాతబస్తీలో లాక్ గాజులకు రాళ్లు అతికించే పని - ఇవన్నీ బడికన్నా ముందే పిల్లల్ని పిలుస్తున్నాయి. నెలకు 100 రూపాయల వజీఫాతో ఏమవుతుంది అంటారా? తక్కువే, ఒప్పుకుంటాను. తక్కువైతే పెంచాలి. తక్కువగా ఉందని పూర్తిగా తీసేయడం ఎక్కడి ఇన్సాఫ్? ఐదో తరగతిలో మానేసిన పిల్లాడికి తొమ్మిదో తరగతి వజీఫా ఏం పనికొస్తుంది?

అదే ఏడాది డిసెంబరులో మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ని కూడా బంద్ చేస్తున్నట్టు పార్లమెంటులో చెప్పారు. దేశ తొలి విద్యా మంత్రి పేరు మీద 2009లో మొదలైన ఫెలోషిప్ అది. వేరే పథకాలు కూడా ఉన్నాయి, రెండూ కలిసిపోతున్నాయి అన్నది బహానా. ఒకే మనిషి రెండు చోట్ల తీసుకోకూడదని కాయిదా పెడితే తీరిపోయే మాట అది. దానికి తలుపే మూసేయాలా? ముస్లింలను బుజ్జగించే పథకమని కొందరంటారు. క్రైస్తవులు, సిక్కులు, బౌద్ధులు, జైనులు, పార్సీలకు కూడా అది అందేదని వాళ్లకు తెలియదా?

సర్కారు సొంత సర్వేనే చూడండి. ఉన్నత విద్యలో ముస్లిం విద్యార్థులు 2019-20లో సుమారు 21 లక్షలు, 2020-21లో 19.21 లక్షలు. ఆ ఒక్క ఏడాదిలో దళిత, ఆదివాసీ, బీసీ విద్యార్థుల సంఖ్య పెరిగింది, మనది తగ్గింది. ఇంత తేడా ఉన్నచోట సాయం పెంచాలా, కోయాలా?

దారి లేక కాదు. తెలంగాణలో 204 మైనారిటీ గురుకులాలు నడుస్తున్నాయి. అక్కడ అన్నం, బట్టలు, పడక సర్కారువే కాబట్టి పిల్లాడి తిండి ఫికర్ అమ్మీ అబ్బాలకు ఉండదు. రెండు రాష్ట్రాల్లో బీసీ-ఈ 4 శాతం రిజర్వేషన్ సీట్లు కూడా ఉన్నాయి. కానీ ఆ సీటు దాకా చేరాలంటే ముందు బడి దాటాలి కదా!

ఓట్లకోసం గల్లీలోకి ఎవరొచ్చినా, ఏ పార్టీ అయినా, షాలువా కప్పే ముందు మూడు సవాళ్లు అడగండి. ఒకటో తరగతి నుంచి వజీఫా ఎప్పుడు తిరిగి ఇస్తారు? ఎంతకు పెంచుతారు? ఫెలోషిప్ తలుపు ఎప్పుడు తెరుస్తారు? ఇది ఎవరో వేసే ఖైరాత్ కాదు, మన పిల్లల హక్కు. జవాబు వచ్చేదాకా అడుగుతూనే ఉందాం.