దెయ్యం చేపలో లేదు

మొన్న ఆదివారం మా హోసూరు పక్క చెరువు గట్టున ఒక చేపను రాళ్లతో కొట్టి చంపారు. ఒళ్లంతా నల్ల మచ్చలు, వీపు మీద పెంకులాంటి గట్టి చర్మం. ఎవరి గాలానికో పడింది. "దెయ్యం చేప రా, కొట్టండి" అని పెద్దవాళ్లే అన్నారు. నేను పక్కనే ఉన్నాను. నాకు నోరు పెగల్లేదు. ఎందుకో చెప్పాలంటే ముందు ఇంకో చేప సంగతి చెప్పాలి. అది ఉండేది ఇక్కడ కాదు, అమెరికాలోని అలాస్కాలో.

దాని పేరు పైక్. బాతు ముక్కులాంటి మూతి, లోపలికి వంగిన పళ్లు. ఒకసారి నోట చిక్కింది జారిపోదు. నాచు, నీటి మొక్కల మధ్య కదలకుండా కాచుకుని ఉంటుంది. చిన్న చేప దగ్గరికి రాగానే బాణంలా దూసుకొస్తుంది. చలికాలంలో సరస్సులు గడ్డకట్టినప్పుడు అక్కడివాళ్లు మంచుకి బొక్క పెట్టి, కింద నీళ్లలోకి గాలం వదిలి దీన్ని పడతారు. ముళ్లు ఎక్కువే గానీ తినే చేపే.

అలాస్కా రేంజ్ అనే పర్వతాలకు ఉత్తరాన, పడమట ఇది ఎప్పటినుంచో ఉన్న సొంత చేప. యూకాన్, కుస్కోక్విమ్ నదుల్లో పుట్టి పెరిగిందే. ఫెయిర్‌బ్యాంక్స్ దగ్గరి మింటో ఫ్లాట్స్ చిత్తడి నేలలు పైక్ వేటకు పేరుపడ్డాయి. అక్కడ రోజుకి ఇన్నే పట్టాలని పరిమితి ఉంది. చేప తరిగిపోకూడదని ఆ జాగ్రత్త. అదే పర్వతాలు దాటి దక్షిణానికి వస్తే చాలా చోట్ల పైక్‌కి పరిమితే లేదు. ఎన్ని పట్టినా సరే, పట్టింది మాత్రం మళ్లీ నీళ్లలో వదలొద్దంటారు. రాష్ట్రం ఒకటే, చేప ఒకటే. మరి ఎందుకీ తేడా?

ఎందుకంటే దక్షిణానికి అది తనంతట తాను రాలేదు. 1950లలో ఎవరో అనుమతి లేకుండా తెచ్చి సుసిట్నా నది పరీవాహకంలోని బుల్చిట్నా సరస్సులో వదిలారు. అక్కడినుంచి నీళ్ల వెంట పాకింది. ఆ తర్వాత మనుషులే ఇంకొన్ని సరస్సులకి మోశారు. ఆ ప్రాంతం సాల్మన్ చేపలది. సాల్మన్ పిల్లలు సముద్రానికి పోయేముందు నెమ్మదిగా పారే లోతు తక్కువ నీళ్లలో పెరుగుతాయి. పైక్‌కి ఇష్టమైన చోటు కూడా అదే. ఉత్తరాన ఈ రెండూ వేల ఏళ్లుగా కలిసి బతకడం నేర్చుకున్నాయి. దక్షిణాది సాల్మన్ పిల్లలకి ఇలాంటి శత్రువు ఒకటుందనే తెలియదు. అలెగ్జాండర్ క్రీక్ అనే ఏటిలో కింగ్ సాల్మన్ ఎంత తగ్గిపోయిందంటే, దాని వేటనే ఆపేయాల్సి వచ్చింది. 2011 నుంచి అక్కడ వలలు వేసి పైక్‌ని ఏరేస్తున్నారు. కీనై ద్వీపకల్పంలోని స్టార్మీ సరస్సులో 2012లో రొటెనోన్ కలిపారు. అది కొన్ని మొక్కల వేళ్ల నుంచి తీసే మందు. దానికి పైక్ ఒక్కటే కాదు, మిగతా చేపలూ చస్తాయి. సరస్సు అంతా ఖాళీ చేసి, సొంత చేపల్ని మళ్లీ పెంచుకోవాలి. సుసిట్నా లాంటి పెద్ద నదిలో అదీ కుదరదు. ఎవరో ఒకరు సరదాపడి చేసిన పనికి ఇన్నేళ్ల చాకిరీ!

ఈ విషయం క్లాసులో చెప్తే నాతో ముగ్గురు మూడు రకాలుగా వాదించారు.

మొదటివాడు, "పైక్ దుర్మార్గపు చేప" అన్నాడు. అయితే మింటోలో అది మంచిదెలా అయింది? అక్కడా అవే పళ్లు, అదే ఆకలి. మంచీ చెడ్డా తెలియని జీవికి దుర్మార్గం అంటగట్టి, దాన్ని మోసుకొచ్చిన మనిషిని వదిలేయడం ఏం న్యాయం?

రెండోవాడు, "పట్టినదాన్ని వదిలేస్తే పోలా, అదే జీవకారుణ్యం" అన్నాడు. మింటోలో అయితే ఒప్పుకుంటాను. అలెగ్జాండర్ క్రీక్‌లో ఒక్క పైక్‌ని వదిలితే అది తినబోయే సాల్మన్ పిల్లల మీద కారుణ్యం ఎవరు చూపిస్తారు? మన చేతిలో ఉన్న ప్రాణమే కనిపించి, నీళ్లలో ఉన్న ప్రాణాలు కనిపించకపోతే అది సగం దయే.

మూడోవాడు, "ఒక్క చేపతో ఏమవుతుంది?" అన్నాడు. పెద్ద ఆడ పైక్ ఒక్క వసంతంలోనే వేలకు వేలు గుడ్లు పెడుతుంది. ఒక్కటి అనే మాట చేపల లెక్కలో చెల్లదు.

ఇప్పుడు మన చెరువు దగ్గరికి వస్తాను. మనం దెయ్యం అంటున్న ఆ చేప సొంత ఊరు దక్షిణ అమెరికా. అక్వేరియం షాపుల్లో దాన్ని ట్యాంక్ క్లీనర్ అని అమ్ముతారు. కొన్నప్పుడు వేలంత ఉంటుంది, పెరిగితే అడుగున్నర అవుతుంది. ఆ సంగతి అమ్మేవాళ్లు చెప్పరు, కొనేవాళ్లు అడగరు. కృష్ణా నదిలోకి చేరిందీ ఇలాంటిదే.

ఆరో తరగతిలో నా దగ్గర అలాంటిది ఒకటి ఉండేది. తొట్టి చాలకుండా పెరిగింది. "చంపితే పాపం నాయనా, చెరువులో ఇడిసిపెట్టు" అంది మా అవ్వ. బకెట్లో వేసుకుని సైకిల్ మీద పోయి వదిలేశాను. ఆ రోజంతా ఏదో పుణ్యం చేసినట్టు సంబరపడ్డాను. మొన్న గట్టు మీద నోరు పెగలకపోవడానికి కారణం ఇదే. రాళ్లు పడాల్సింది ఆ చేప మీద కాదేమో అనిపించింది.

దాన్ని చంపడం తప్పని నేను అనను. మళ్లీ నీళ్లలో వెయ్యకూడదు, నిజమే. కానీ ఒక్క దెబ్బతో పోయేదాన్ని తిడుతూ, నవ్వుతూ పావుగంట కొట్టారు. "దీన్ని ఇక్కడ ఎవరు వదిలారు?" అని మాత్రం ఒక్కరూ అడగలేదు. అడిగి ఉంటే నేను చెయ్యెత్తాల్సి వచ్చేది. చెరువులో ఇంకా ఎంతమంది వదిలినవి ఉన్నాయో!

అందుకే మా హెడ్మాస్టరు గారికి ఒక మనవి. సైన్సు గదిలో ఒక పెద్ద తొట్టి పెట్టించండి సార్. ఇంట్లో పెంచలేని చేపని ఎవరైనా అక్కడికి తెచ్చి ఇవ్వొచ్చు. నీళ్లు మార్చడం, మేత వెయ్యడం నేను చూసుకుంటాను. ఇంట్లో పెద్దలకి కూడా ఒక మాట: పిల్లలు బకెట్ పట్టుకుని చెరువు వైపు పోతుంటే, పుణ్యం అని పంపకండి, ఆపండి.