పల్లె నుంచి – 31: స్ప్లెండర్ ఇచ్చేసి బుల్లెట్ తెచ్చుకున్నాను

జూన్‌లో బండి మార్చాను. పదమూడేళ్లు నా కింద తిరిగిన స్ప్లెండర్‌ని షోరూంలో ఎక్స్ఛేంజ్‌కి ఇచ్చి బుల్లెట్ 350 తెచ్చుకున్నాను. ఫొటో పెట్టిన రోజు మీలో చాలామంది అభినందనలు చెప్పారు. ఒకరిద్దరు ఇన్‌బాక్స్‌లోకి వచ్చి వేరే మాట అడిగారు. వాళ్లకు జవాబు రాద్దామనే కూర్చున్నాను. రాస్తుంటే నేను జవాబు చెప్పాల్సిన మనిషి ఇంకొకరున్నారని అర్థమైంది. అందుకే ఈ భాగం కాస్త పెద్దదైంది. ఓపిగ్గా చదవండి.

ముందు పాత బండి సంగతి.

2012లో కొన్నాను. పీహెచ్‌డీ రెండో ఏడు. ఎప్పటెప్పటివో ఫెలోషిప్ బకాయిలు ఒక్కసారే అకౌంట్లో పడ్డాయి. అప్పులు తీర్చగా మిగిలినదాంట్లో 22,000 పెట్టి 2006 మోడల్ సెకండ్ హ్యాండ్ స్ప్లెండర్ తీసుకున్నాను. హీరో, హోండా అప్పటికే విడిపోయాయి గానీ నా ట్యాంకు మీద మాత్రం ఇద్దరూ కలిసే ఉన్నారు. వంద సీసీ కూడా లేని ఇంజను. లీటరుకు అరవై ఇచ్చేది. మా వంశంలో ఇంజను ఉన్న మొదటి ఆస్తి అదే.

మా ఊళ్లో పల్లె నుంచి బస్టాపుకు పోవాలంటే ఊరి మధ్యలోంచే దారి. అక్కడ రావిచెట్టు, చుట్టూ అరుగు. మా నాన్న సైకిల్ మీద వస్తున్నా సరే, అరుగు ఇరవై గజాల దూరం ఉండగానే దిగేవాడు. నడిపించుకుంటూ దాటి, అవతల మళ్లీ ఎక్కేవాడు. దిగమని ఆయనకు ఎవరైనా చెప్పగా నేను వినలేదు. చెప్పాల్సిన అవసరం ఆయన పుట్టకముందే తీరిపోయింది.

బండి తెచ్చిన మర్నాడు నాన్నను వెనక కూర్చోబెట్టుకుని బయల్దేరాను. రావిచెట్టు కనపడగానే భుజం మీద తట్టాడు.

"దిగరా."

నేను దిగలేదు. ఆపనూ లేదు. కాస్త నెమ్మది చేశానంతే. అది చాలు ఆయనకు. కదులుతున్న బండి మీంచే కాళ్లు కింద పెట్టి దిగిపోయాడు. పంచె సర్దుకుని, తల వంచుకుని, అరుగు ముందు నుంచి నడిచి వచ్చాడు. నేను అవతల బండి ఆపుకుని నిలబడ్డాను. వచ్చి ఎక్కాడు. దారి పొడుగునా ఇద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు.

అలా ఏడాది పైనే నడిచింది. తర్వాత ఒకరోజు తట్టలేదు. దిగలేదు. నా భుజం మాత్రం గట్టిగా పట్టుకున్నాడు. అరుగు దాటాక వదిలాడు. వేలిగుర్తులు పడ్డాయేమో అనిపించేంత గట్టిగా పట్టుకున్నాడు. నాకు డాక్టరేట్ ఇచ్చిన రోజు కన్నా ఆ రోజే నేను ఏదో సాధించాననుకున్నాను.

నాన్న ఇప్పుడు లేడు. బుల్లెట్ చూడలేదు.

స్ప్లెండర్‌కి గేర్లన్నీ ముందుకే. వేళ్లతో తొక్కుకుంటూ పోవడమే. బుల్లెట్‌కి మొదటి గేరు కిందికి, మిగిలిన నాలుగూ పైకి. నెల దాటినా నా ఎడమ కాలు పాత లెక్కే వేస్తోంది. పై గేరు వేయబోయి కింది గేరు తొక్కేస్తుంటే బండి గుంజుకుని మూలుగుతోంది. అప్పుడు నాన్న గుర్తొచ్చాడు. అలవాటు ముందు కాలిలో ఉంటుంది, బుర్రకు ఆ తర్వాత తెలుస్తుంది. నాకు పదమూడేళ్ల గేరు మరవడానికే నెల చాలలేదు. తరతరాల నుంచి దిగుతున్న కాలు ఏడాదిలో దిగడం మానేసిందంటే ఆ మనిషి లోపల ఎంత యుద్ధం చేసి ఉంటాడు?

బుల్లెట్ తెచ్చిన వారం అరుగు మీది పెద్దమనిషి ఒకాయన పలకరించాడు. "ఏం మాస్టారూ, బుల్లెట్టే కొన్నారే! జీతాలు బాగానే ఇస్తున్నట్టున్నారు." నవ్వుతూనే అన్నాడు. అదే వారం ఆయన కొడుకు కారు మార్చాడు. ఆ జీతం సంగతి ఎవరూ అడగలేదు.

ఇన్‌బాక్స్‌లో అడిగినాయన మనవాడే, నేను గౌరవించే అన్న. "ఉద్యమంలో ఉన్నవాడికి బుల్లెట్ ఎందుకు తమ్ముడూ? మనమూ వాళ్లలాగే తయారవుతున్నామా?"

రెండు ప్రశ్నలూ ఒకటి కాదు. మొదటిదాంట్లో ఏడుపు ఉంది, రెండోదాంట్లో బెంగ ఉంది. కానీ రెండూ నన్ను లెక్క చెప్పమంటున్నాయి. మనం ఏం కట్టుకున్నా, ఏం తిన్నా, ఏం ఎక్కినా ముందు ఎవరికో సంజాయిషీ ఇవ్వాలి. బుల్లెట్ ఈ దేశంలో సైన్యం ఎక్కిన బండి, పోలీసు ఎక్కిన బండి, మోతుబరి ఎక్కిన బండి. దాని చప్పుడు వినపడితే మా చిన్నప్పుడు పల్లెలో మాటలు ఆగిపోయేవి. ఆ చప్పుడు నా కొడుక్కి వాళ్ల నాన్న ఇంటికొస్తున్న చప్పుడు కావాలనుకున్నాను. ఇది తప్పా అన్నా?

నిరాడంబరత మంచిదే. ఉన్నవాడు వదులుకుంటే అది విలువ. లేనివాడికి అదే బోధిస్తే ఉన్నచోటే ఉండమని చెప్పడం. బాబాసాహెబ్ సూటు ఎందుకు వేసుకున్నాడో మనం ఒకరికొకరం చెప్పుకోనక్కర్లేదు.

బండి చిన్న విషయమనీ అనకండి. కారంచేడు 1985లో చెరువు నీళ్ల దగ్గర మొదలైంది. చుండూరు 1991లో సినిమా హాల్లో కాలు తగలడం దగ్గర మొదలైంది. మనల్ని చంపడానికి పెద్ద కారణం ఎప్పుడూ అక్కర్లేకపోయింది. 2018లో గుజరాత్‌లోని భావ్‌నగర్ జిల్లాలో ఒక దళిత యువకుడు హత్యకు గురయ్యాడు. గుర్రం కొనుక్కుని ఎక్కి తిరుగుతున్నందుకే చంపారని అతని తండ్రి ఫిర్యాదు చేశాడు. 2025 ఫిబ్రవరిలో తమిళనాడులోని శివగంగ జిల్లాలో మీ వయసు దళిత విద్యార్థి మీద కత్తులతో దాడి చేసి చేతులు నరికారు. మా ముందు బుల్లెట్ నడుపుతావా అంటూ కొట్టారని ఫిర్యాదులో ఉంది.

అత్యాచారాల నిరోధక చట్టం తెరిచి చూడండి. 1989 నాటి చట్టాన్ని 2015లో సవరించారు. 2016 జనవరి 26 నుంచి ఆ సవరణ అమల్లో ఉంది. సెక్షన్ 3(1)(జెడ్ఏ) కింద దళితుల్నీ ఆదివాసుల్నీ సైకిల్ గానీ మోటార్ సైకిల్ గానీ ఎక్కకుండా అడ్డుకోవడం నేరం. బహిరంగ స్థలాల్లో చెప్పులు, కొత్త బట్టలు వేసుకోనివ్వకపోవడం, పెళ్లి ఊరేగింపు తీయనివ్వకపోవడం, ఆ ఊరేగింపులో గుర్రం ఎక్కనివ్వకపోవడం కూడా నేరాలే. ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలు, జరిమానా. రాజ్యాంగం వచ్చిన అరవై ఐదేళ్ల తర్వాత పార్లమెంటు కూర్చుని చట్టంలో 'మోటార్ సైకిల్' అనే మాట రాయాల్సి వచ్చింది. మా నాన్న దిగిన ఆ ఇరవై గజాలూ ఆ మాటలో ఉన్నాయి.

క్లాసులో గబ్బిలం చెప్పినప్పుడల్లా నాకు ఇదే తోస్తుంది. కాళిదాసు యక్షుడికి కబురు మోయడానికి మేఘం దొరికింది. 1941లో జాషువా నాయకుడికి గబ్బిలం దొరికింది. గుడిలోకి వెళ్లి దేవుడి చెవి దగ్గర వేలాడగలిగేది అదొక్కటే మరి. మన కబురు ఎప్పుడూ ఎవరు దయతలిస్తే వాళ్ల మీదే పోవాల్సి వచ్చింది. సొంత బండి అంటే ఆ దయ అక్కర్లేకపోవడం.

కాబట్టి అన్నా, బుల్లెట్ కొన్నందుకు నేను సంజాయిషీ ఇవ్వను. తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీరూ ఇవ్వకండి.

అయితే ఇక్కడితో ఆపేస్తే సగమే చెప్పినట్టు.

బండి ఇంటిముందు ఆపిన రోజు అమ్మ చుట్టూ తిరిగి చూసింది. సీటు తట్టి చూసింది. "బాగుంది అబ్బాయ్" అంది. తర్వాత, "దీని మీద ఎవర్ని ఎక్కించుకుంటావు?" అంది. తనకు ఎత్తవుతుందని అడుగుతోంది అనుకున్నాను. "నీ కోసం ఫుట్‌రెస్ట్ పెట్టిస్తాలేమ్మా" అన్నాను. ఆ మాట ఎందుకు అడిగిందో రెండు రోజులయ్యాక తెలిసింది.

స్ప్లెండర్ వెనక సీటు పదమూడేళ్లలో ఖాళీగా ఉన్న రోజులు తక్కువ. నా సిద్ధాంత గ్రంథం ఐదు ప్రతులు బైండింగ్ నుంచి దాని మీదే వచ్చాయి. హాస్టల్ పిల్లలు పరీక్షలకు దాని మీదే వెళ్లారు, ఒక్కోసారి ముగ్గురం, తప్పేననుకోండి. కోతలప్పుడు పాము కరిచిన పిల్లను వాళ్ల నాన్న ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే అర్ధరాత్రి ఆసుపత్రికి తీసుకెళ్లాను. బతికింది, ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. మా పల్లె కుర్రాణ్ని కొట్టినప్పుడు ఫిర్యాదు ఇవ్వడానికి వాళ్లమ్మను దాని మీదే స్టేషన్‌కు తీసుకెళ్లాను. జూలై 17న కారంచేడు మృతుల్ని తలుచుకోవడానికి చీరాల వెళ్లిందీ దాని మీదే. బండి నా పేరు మీద ఉంది, తిరిగింది మాత్రం పల్లె కోసం.

మా కాలేజీలో డిగ్రీ రెండో ఏడు చదివే పిల్లవాడు ఒకడున్నాడు. పక్క ఊరి పల్లె. తొమ్మిదిన్నర దాకా వాళ్ల ఊరి నుంచి ఆటో ఉండదు. మొదటి పీరియడ్ ఎప్పుడూ పోతుంది. ఫిబ్రవరిలో నా దగ్గరకొచ్చి, "సార్, మీరు బండి అమ్మేటప్పుడు నాకు చెప్పండి. నెలనెలా కట్టుకుంటాను" అన్నాడు. చూద్దాంలే అన్నాను. మా ఇంటికి పుస్తకాల కోసం వచ్చినప్పుడు అమ్మకూ చెప్పాడట.

జూన్‌లో షోరూంకి వెళ్లాను. పాత బండికి 9,000 కట్టారు. ఎక్స్ఛేంజ్ చేస్తే ఇంకో 3,000 తగ్గుతుందన్నారు. చుట్టూ కొత్త బండ్లు మెరుస్తున్నాయి. నా కళ్లు వాటి మీదే ఉన్నాయి. కాగితాల మీద సంతకాలు పెట్టాను, తాళం ఇచ్చాను. ఆ పిల్లవాడు నాకు గుర్తు రాలేదు. గుర్తొచ్చీ ఇవ్వలేదంటే కనీసం స్వార్థం అనేవాణ్ని. గుర్తే రాలేదు.

రెండు రోజుల తర్వాత వరండాలో కలిశాడు. "సార్, పాత బండి ఏం చేశారు?" చెప్పాను. "పర్లేదు సార్" అన్నాడు. తల వంచుకుని పక్కనుంచి వెళ్లిపోయాడు. ఆ నడక నేను ఎక్కడో చూశాను. రావిచెట్టు దగ్గర చూశాను.

షోరూంకి మళ్లీ వెళ్లాను. బండి అప్పటికే బ్రోకర్‌కి వెళ్లిపోయింది.

బాబాసాహెబ్ రాసిన 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో చాలీస్‌గావ్ సంఘటన చదివే ఉంటారు. 1929లో బొంబాయి ప్రభుత్వం వేసిన కమిటీ సభ్యుడిగా తిరుగుతూ ఆయన చాలీస్‌గావ్‌లో దిగాడు. మహర్‌వాడకు తీసుకెళ్లడానికి ఏ టాంగావాలా ఒప్పుకోలేదు. చివరికి బండి అద్దెకిస్తాం గానీ తోలం అన్నారు. మనవాళ్లు బాబాసాహెబ్‌ని నడిపించడం ఆయన గౌరవానికి తక్కువ అనుకున్నారు. ఎన్నడూ టాంగా తోలని మనిషి చేతికి పగ్గాలిచ్చారు. కల్వర్టు మీద బండి తిరగబడి ఆయన రాళ్ల మీద పడ్డాడు. కాలు విరిగింది. టాంగా గుర్రంతో సహా నదిలో పడింది. బారిస్టర్‌నైనా తక్కువగా చూసిన టాంగావాలా కులగర్వం గురించి ఆయన రాశాడు. గౌరవం చూసుకున్నారు గానీ మనిషి క్షేమం చూసుకోలేదని మనవాళ్ల గురించీ ప్రేమగానే రాశాడు.

ఇన్నేళ్లూ ఆ సంఘటనను మొదటి సగం కోసమే పాఠంగా చెప్పాను. ఇప్పుడు రెండో సగం నా గురించే అనిపిస్తోంది. గౌరవం ముఖ్యమే. కానీ బండి ఎక్కిన గౌరవంలో పడి, వెనక ఎక్కాల్సిన మనిషిని మరిచిపోతే మనం కింద పడతాం.

అన్నా, నువ్వడిగిన ప్రశ్న 'పెద్ద బండి ఎందుకు' అని. అసలు ప్రశ్న అది కాదు. పాత బండి ఎవరికిచ్చావు, కొత్త బండి మీద ఎవరు కూర్చుంటున్నారు అన్నది ప్రశ్న. దాన్ని అమ్మ అడిగింది. జూన్ నుంచి నా వెనక సీటు మీద కూర్చున్న వాళ్లను ఒక చేతి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. తళతళలాడే బండి, గీత పడుతుందేమోనని నేనే ఎవర్నీ పిలవడం లేదు. నిజం ఒప్పుకోవాలి.

షోరూం లెక్కలో నా స్ప్లెండర్ 9,000. ఇనుముకు ధర కట్టారు, తప్పు పట్టను. వాళ్ల పని అది. ఆ లెక్క ఒప్పుకుని సంతకం పెట్టింది నేను.

ఆ 12,000 నావి కావని పక్కన పెట్టాను. ఇంకాస్త వేసి మంచి స్ప్లెండర్ ఒకటి చూడమని మా మెకానిక్‌కి చెప్పాను. ఇంకా దొరకలేదు. ఆ పిల్లవాడికి మొదటి పీరియడ్ ఇంకా పోతూనే ఉంది. ఆ పాఠాలు సాయంత్రం విడిగా చెబుతున్నాను. అది జవాబు కాదని నాకూ తెలుసు.

ఉద్యోగాలొచ్చి బండ్లు మార్చబోతున్న మిత్రులకు ఒక్క మాట. పెద్దది కొనుక్కోండి, మొహమాటపడకండి. పాతది షోరూంలో పెట్టే ముందు మాత్రం పల్లెలో ఒకసారి అడగండి. ఇచ్చేటప్పుడు చేతులు దులుపుకోకుండా ఇవ్వండి. ఫారం 29, 30 సంతకాలు పెట్టి ఆర్సీ వాళ్ల పేరు మీదకు మార్పించండి. ఇన్సూరెన్స్ ఉందో లేదో చూడండి. లైసెన్స్ తీయించండి, హెల్మెట్ కొనివ్వండి. కాగితాల్లేని బండితో మన పిల్లవాడు రోడ్డు మీద దొరికితే ఏమవుతుందో మీకు తెలుసు. చాలీస్‌గావ్ మళ్లీ జరగకూడదు.

నిన్న అమ్మను మొదటిసారి బుల్లెట్ ఎక్కించుకున్నాను. ఫుట్‌రెస్ట్ పెట్టించినా ఎక్కడానికి కష్టపడింది. రావిచెట్టు దగ్గరకు రాగానే నా భుజం పట్టుకుంది. నాన్నలా గట్టిగా కాదు, మామూలుగానే. అరుగు మీద నలుగురున్నారు. ఎవరూ ఏమీ అనలేదు.

దాటాక అడిగింది: "ఆ పిల్లోడికి బండి దొరికిందా?"

జై భీమ్.