గ్రౌండ్ ఎందుకండీ, ర్యాంకు రావాలి గానీ!

2018 ఏప్రిల్లో కిదాంబి శ్రీకాంత్ బ్యాడ్మింటన్‌లో ప్రపంచ నంబర్ వన్ అయితే "మా గుంటూరోడు" అని తెగ మురిసిపోయాం. అదే గుంటూరులో ఇంటర్ హాస్టల్ కుర్రాడు షటిల్ బ్యాటు పట్టుకుంటే మాత్రం టైం వేస్టు! లెక్చరర్లే కాదు, మిర్చి అమ్మి ఫీజు కట్టే నాన్నలదీ అదే మాట.

సరే, మార్కుల భాషలోనే మాట్లాడుకుందాం. 2014లో పీడియాట్రిక్స్ జర్నల్లో హిల్మన్ బృందం పేపరొకటి వచ్చింది. 7-9 ఏళ్ళ పిల్లలు 221 మంది. కొందరిని తొమ్మిది నెలలపాటు బడి అయ్యాక ఆడించారు, మిగతావాళ్ళని వెయిటింగ్ లిస్టులో ఉంచారు. ఆడినవాళ్ళు ధ్యాస నిలపడంలో, ఒక పని నుంచి ఇంకోదానికి మారడంలో ఎక్కువ మెరుగయ్యారు. ఆడితే ఐఐటీ సీటొస్తుందని అందులో లేదు, నేనూ అనను. వాళ్ళు చిన్నపిల్లలు కదా అంటారా, ఒప్పుకుంటా. మరి ఆడితే చదువు పాడవుతుందనడానికి మీ దగ్గరున్న రుజువేంటి?

17 ఏళ్ళ దాకా రోజుకి సగటున 60 నిమిషాలు ఒళ్ళు బాగా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. బడికి ఆటస్థలం ఉండాలన్న 2009 విద్యాహక్కు చట్టమేమో 14 ఏళ్ళ దగ్గరే ఆగిపోయింది. మా కాలేజీలో (పేరెందుకు లెండి) గ్రౌండ్ బ్రోషర్లో మాత్రమే ఉండేది.

జూన్‌లో తమ్ముణ్ణో చెల్లెల్నో చేర్పించడానికి వెళ్తారుగా, ర్యాంకుల ఫ్లెక్సీ చూశాక గ్రౌండ్ కూడా చూపించమనండి. డాబా మీదకి తీసుకెళ్తే లేచి వచ్చేయండి.