తక్కువ వెసులుబాటుకు ఎన్నాళ్ళు?

గోల్ఫు కర్ర కొత్తగా పట్టిన మనిషి ఎన్నాళ్ళకు మంచి ఆటగాడవుతాడు? ధర్మసాగర్‌లో ఉండి ఈ ప్రశ్న వేసుకోవడం, చెరువుగట్టు మీద కూర్చుని ఓడల వ్యాపారం గురించి తర్కించడం లాంటిదని మీలో కొందరికి నవ్వు రావచ్చు. మా ఊళ్ళో పెద్ద చెరువుంది. దేవాదుల ఎత్తిపోతల ద్వారా గోదావరి నీళ్ళు వచ్చి చేరేదీ, వరంగల్లు నగరం దాహం తీర్చేదీ ఆ చెరువే. గోల్ఫు మైదానం మాత్రం లేదు. దాన్ని కళ్ళారా చూడాలంటే సుమారు 140 కిలోమీటర్లు ప్రయాణం చేసి హైదరాబాదు చేరాలి. అక్కడ గోల్కొండ కోట పక్కన నయా ఖిలాలో ఒకటుంది.

అయినా ప్రశ్న నన్ను వెతుక్కుంటూ వచ్చింది. డల్లాసులో ఉంటున్న మా మేనల్లుడు 34వ ఏట ఈ ఆట మొదలుపెట్టాడు. "రెండేళ్ళలో సింగిల్ డిజిట్ హ్యాండికాప్‌కి రావాలె మామా, అయితదంటవా?" అని అడిగాడు. తనతోపాటు తొమ్మిదేళ్ళ కూతుర్ని కూడా మైదానానికి తీసుకుపోతున్నాడట. "మరి దానికి ఎన్నేండ్లు పడుతది?" అన్నది రెండవ ప్రశ్న. నేను గోల్ఫు ఆడినవాణ్ణి కాను. ముప్పై ఏళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పినవాణ్ణి. నేర్చుకోవడానికి ఎంతకాలం పడుతుందన్న ప్రశ్న నాకు కొత్తది కాదు. ఏటా జూన్ నెలలో ప్రతి తండ్రీ అడిగేదే. అందుచేత ఓపిక చేసుకుని చదివి, ఆలోచించి, నా అభిప్రాయమేదో ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ మాట సంగతి చూద్దాం. హ్యాండికాప్ అన్న పదం పుట్టింది గోల్ఫులో కాదు. పూర్వం ఇంగ్లండులో ఇద్దరు వస్తువులు మార్చుకునేటప్పుడు వాటి విలువల తేడాను మధ్యవర్తి తేల్చేవాడు. పందెం సొమ్ము టోపీలో ఉండేది, బేరగాళ్ళు టోపీలో చెయ్యి పెట్టి తీసేవారు. ఆ 'టోపీలో చెయ్యి'యే ఈ మాటకు మూలం. తరవాత గుర్రపు పందేల్లోకి వెళ్ళింది. అక్కడ మేలైన గుర్రం మీద అదనపు బరువు వేస్తారు. గోల్ఫులో బరువు వేయడం కుదరదు కాబట్టి బలహీనుడికి కొన్ని దెబ్బలు వదిలిపెడతారు. 72 దెబ్బల్లో ముగించవలసిన మైదానాన్ని 90 దెబ్బల్లో ముగించేవాడికి స్థూలంగా 18 వదిలిపెడితే, నిపుణుడితో సమానంగా పోటీ పడగలడు. దీనికి తెలుగులో 'వెసులుబాటు' అంటే సరిపోతుందని నాకు తోస్తోంది. (మెరుగైన మాట తడితే చెప్పండి, సంతోషంగా మార్చుకుంటాను.) మొత్తానికి అసమానులిద్దరు ఒకే బరిలో దిగి, ఇద్దరూ గెలుపు ఆశతో ఆడడానికి మనిషి కనిపెట్టిన ఉపాయమిది. తర్వాతి కాలంలో అదే అంకె హోదాగా మారింది. ఎంత తక్కువుంటే అంత గొప్ప. 'ఎన్నాళ్ళకు' అన్న తొందర ఈ మార్పులోంచి పుట్టిందే.

ఇక లెక్క. 2020 జనవరి నుంచి ప్రపంచమంతటికీ ఒకే పద్ధతి అమలులోకి వచ్చింది. మైదానం కాఠిన్యాన్ని బట్టి సవరించిన మీదట, చివరి 20 ఆటల్లో మేలైన 8 ఆటల సగటు తీస్తారు. కొత్తవాడికి అత్యధికంగా 54 వరకు వెసులుబాటు ఇస్తారు. లెక్కల పంతులుగా నాకు ఇందులో నచ్చిన విషయమొకటుంది. ఈ అంకె మీ మామూలు ఆటకు సగటు కాదు, మీ మంచి రోజుల సగటు. పది వెసులుబాటు ఉన్నవాడు చాలా రోజుల్లో 82 దాటే ఆడతాడు. కనుక అంకె పదికి లోపు దిగాలంటే ఒకటి రెండు అద్భుతాలు చాలవు, మంచి రోజులు మళ్ళీ మళ్ళీ రావాలి. అమెరికాలో ఈ లెక్క నమోదు చేసుకునే మగవారి సగటు 14 చుట్టుపక్కలే ఉంటుంది. లెక్క నమోదు చేసుకునే శ్రద్ధ ఉన్నవారి సగటే అంత! ఏళ్ళ తరబడి ఆడుతున్నవారు కూడా అందులో ఉన్నారు.

'త్వరగా' అన్నవారు ఉదాహరించే పేర్లు లేకపోలేదు. లారీ నెల్సన్ వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చాక 21వ ఏట గోల్ఫు మొదలుపెట్టాడు. తొమ్మిది నెలల్లో 70 లోపు ఆడాడు; తరవాత 1981, 1983, 1987 సంవత్సరాల్లో మూడు మహా పోటీలు గెలిచాడు. కాల్విన్ పీట్ కథ నాకు మరీ ఇష్టం. పొలాల్లో కూలి చేసుకునే కుటుంబంలో పుట్టిన నల్లజాతి వాడు. చిన్నప్పుడు చెట్టు మీంచి పడి ఎడమ మోచెయ్యి విరిగింది, ఆ చెయ్యి మళ్ళీ పూర్తిగా చాపలేకపోయాడు. ఎడమ చెయ్యి నిటారుగా ఉండాలని ఏ గురువైనా మొదటి పాఠంగా చెప్పే ఆటలో, 23వ ఏట అడుగుపెట్టి, అమెరికా వృత్తి పోటీల్లో 12 గెలిచాడు. బంతిని గీత తప్పకుండా కొట్టడంలో 1981 నుంచి 1990 వరకు వరసగా పదేళ్ళు అతనిదే మొదటి స్థానం.

అయితే లక్షల మందిలో వీరిద్దరు. మామూలు మనిషి సంగతి తెలియాలంటే డాన్ మెక్‌లాగ్లిన్‌ని చూడాలి. అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో ఫొటోలు తీసుకునే ఉద్యోగి. గోల్ఫు ఎరగడు. 2010లో, ముప్పై ఏళ్ళ వయసులో ఉద్యోగం మానేసి, పదివేల గంటలు సాధన చేసి వృత్తి ఆటగాణ్ణవుతానని ప్రతిజ్ఞ పట్టాడు. మొదట కొన్ని నెలలు పెద్ద కర్ర ముట్టనే లేదు. రంధ్రం పక్కన నిలబడి బంతిని దొర్లించడం మాత్రమే. ఇంచుమించు అయిదేళ్ళలో ఆరువేల గంటలు పూర్తి చేశాడు. వెసులుబాటు 2.6 దాకా దించాడు. అంతలో 2015లో నడుము మొరాయించింది, ప్రయాణం అక్కడ ఆగిపోయింది. వృత్తి ఆటగాడు కాలేదు. కానీ ఆ 2.6 సామాన్యమైన అంకె కాదు.

ఈ పదివేల గంటల మాట మాల్కమ్ గ్లాడ్‌వెల్ 2008లో రాసిన పుస్తకంతో లోకమంతా పాకింది. అసలు పరిశోధన ఆండర్స్ ఎరిక్సన్ బృందానిది, 1993లో వెలువడింది. బెర్లిన్‌లోని వయొలిన్ విద్యార్థుల్లో మేటివారు ఇరవయ్యేళ్ళు వచ్చేసరికి సగటున పదివేల గంటలు సాధన చేశారని అందులో తేలింది. అది సగటు మాత్రమేననీ, అంత చేస్తే ఎవరైనా మేటి అవుతారని తాను అనలేదనీ, గంటల సంఖ్య కన్నా సాధన తీరు ముఖ్యమనీ ఎరిక్సన్ తరవాత మొత్తుకున్నాడు. 2014లో మరికొందరు పాత పరిశోధనలన్నీ పోగుచేసి చూస్తే, క్రీడల్లో మనిషికీ మనిషికీ ఉండే తేడాలో సాధన వల్ల వచ్చే భాగం 18 శాతమేనని లెక్క తేలింది. మిగతాది శరీరం, మొదలుపెట్టిన వయసు, గురువు, తీరిక, అవకాశం... ఎన్నైనా కావచ్చు. మా బడిలోనూ చూశాను. ఒకే బల్ల మీద కూర్చుని ఒకే లెక్క చేసిన ఇద్దరిలో ఒకడికి వారంలో వచ్చింది, మరొకడికి మూడు నెలలు పట్టింది. మూడు నెలలవాడు ఇప్పుడు ఇంజనీరు.

ఇక మా మేనల్లుడికి కూడికలు, గుణకారాలతో జవాబు. వారానికి పది గంటలు తీరిక దొరుకుతుందనుకుందాం. ఉద్యోగం, సంసారం ఉన్నవాడికి అదే ఎక్కువ. ఏడాదికి అయిదువందల గంటలు. మెక్‌లాగ్లిన్ చేసిన ఆరువేల గంటలు పూర్తి కావడానికి పన్నెండేళ్ళు. రెండేళ్ళకు వచ్చేవి వెయ్యి గంటలు, అందులోనూ ఒక్కొక్క ఆటకు నాలుగు గంటలు పోతాయి. ఈ లెక్కన రెండేళ్ళలో 20 లోపుకు వస్తే ఏ లోటూ లేదు, 15 చేరితే భేష్ అంటాను. పది లోపుకు అయిదారేళ్ళు పట్టినా ఆశ్చర్యపోను. అసలు రాకపోయినా ఆశ్చర్యపోను. ఇది నా అంచనా, శాసనం కాదు.

ఉన్న గంటలు ఎక్కడ పెట్టాలన్నది వేరే ప్రశ్న. రంధ్రం దగ్గర దొర్లించే దెబ్బలోనే డబ్బుందని గోల్ఫు లోకంలో పాత సామెత. కొలంబియా విశ్వవిద్యాలయంలో మార్క్ బ్రోడీ అనే ఆచార్యుడు లక్షల దెబ్బల వివరాలు సేకరించి లెక్కకట్టాడు. మంచి ఆటగాడికీ నాసి ఆటగాడికీ ఉన్న తేడాలో మూడింట రెండు వంతులు రంధ్రానికి వంద గజాల అవతల కొట్టే దెబ్బల్లోనే ఉందని తేల్చాడు. సామెత కన్నా లెక్కను నమ్మమని నా సలహా. లెక్కల పంతుల్ని కదా!

ఇంతవరకు కాలం సంగతి. నాకు అంతకన్నా పెద్దదిగా కనిపించేది స్థలం. ఎవరు త్వరగా నేర్చుకుంటారు? మైదానం పక్కన ఉన్నవారు. 1991లోనూ 1993లోనూ ఇండియన్ ఓపెన్ గెలిచిన అలీ షేర్ ఢిల్లీ గోల్ఫ్ క్లబ్బులో ఇతరుల సంచులు మోసిన కాడీ. ధనం లేకపోయినా పచ్చిక అందుబాటులో ఉంది, రోజూ మంచి ఆట కళ్ళముందు ఉంది. గోల్ఫు మన దేశానికి కొత్తదేమీ కాదు. కలకత్తాలో 1829లోనే క్లబ్బు వెలిసింది. దాదాపు రెండు వందల ఏళ్ళయినా ఈ ఆట మన ఊళ్ళకు రాలేదంటే మన పిల్లల చేతుల్లో వడి లేక కాదు. చిర్రగోనె ఆడిన పిల్లవాడికి గాలిలోకి లేచిన చిర్రను గురిచూసి కొట్టడం ఎవరూ నేర్పనక్కరలేదు. కదలకుండా ఉన్న బంతి వాడికో లెక్కా?

అలాగని ధర్మసాగర్‌లో గోల్ఫు మైదానం కట్టమని నేను అడగను. 18 రంధ్రాల మైదానానికి వందెకరాల పైచిలుకు నేల, ఎండాకాలమంతా నీళ్ళు కావాలి. నగరం తాగే నీళ్ళను పచ్చిక తాగడం నాకు సమ్మతం కాదు. అడిగేదల్లా ప్రతి బడికీ ఒక ఆటస్థలం, ఒక వ్యాయామోపాధ్యాయుడు. మన వరంగల్లు జిల్లా కల్లెడ అమ్మాయి జీవాంజి దీప్తి కూలి కుటుంబంలో పుట్టింది. పరుగును బడిలో వ్యాయామోపాధ్యాయుడు గుర్తించాడు. 2024 మే నెలలో జపానులోని కోబెలో 400 మీటర్లను తన విభాగంలో 55.07 సెకన్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డు నెలకొల్పింది. అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. ఆమెకు ముందు దొరికింది నేల, చూసే కన్ను. గంటలు ఆ తరవాత వచ్చాయి. ఆ రెండూ దొరకని దీప్తులు మన మండలాల్లో ఎందరున్నారో ఏ లెక్కకూ అందదు. నాకు బాధ కలిగించేది అది; మేనల్లుడి రెండేళ్ళ గడువు కాదు.

చివరిగా ఆ తొమ్మిదేళ్ళ పాప సంగతి. అమెరికాలో పిల్లల్ని గోల్ఫుకు పంపే మనవాళ్ళు సాహిత్ తీగల పేరు చెబుతారు. హైదరాబాదు నుంచి వెళ్ళిన తెలుగు దంపతుల కొడుకు. 1997లో కాలిఫోర్నియాలో పుట్టాడు. 2023 సెప్టెంబరులో నాపాలో ఫార్టినెట్ పోటీ గెలిచాడు. నిజమే, గర్వించదగిన సంగతే. నేను మాత్రం పాపకు 2024 టూర్ ఛాంపియన్‌షిప్ మూడవరోజు కథ చెప్పమంటాను. ఇసుక గుంటలో కర్ర వెనక్కి తీస్తున్నప్పుడు కొద్దిగా ఇసుక కదిలిందని సాహిత్‌కు అనిపించింది. తానే అధికారిని పిలిచి చెప్పి రెండు దెబ్బల శిక్ష తీసుకున్నాడు. చివరకు మూడవ స్థానంలో నిలిచాడు. ఆ రెండు దెబ్బలు లేకపోతే రెండవ స్థానం పంచుకునేవాడు. బహుమతిలో తేడా 25 లక్షల డాలర్లు.

వెసులుబాటు లెక్క నిలబడేది ఇలాంటి మనుషుల మీదే. ప్రతి ఆటగాడూ తన దెబ్బలు తానే లెక్కపెట్టుకుని తానే రాసుకుంటాడు. తొందర ఉన్నవాడికి అంకె దించుకునే అడ్డదారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది: పొదలో పోయిన దెబ్బ మరిచిపోవడం, చెడ్డ ఆట నమోదు చేయకపోవడం. మార్కుల కోసం పిల్లల్ని తరిమే మన సమాజానికి ఈ దారులు తెలియనివి కావు. అందుకే పాపకు గడువు పెట్టవద్దని మేనల్లుడికి చెప్పాను. ఆడినన్ని దెబ్బలూ నిజంగా రాయడం నేర్పమన్నాను. అంకె 30 దగ్గర నిలిచినా, అది నిజమైన 30 అయితే, ఆ పాప తనకన్నా ఎంతో పెద్ద ఆటగాడి పక్కన నిలబడి సమానంగా ఆడగలదు. ఆ ఉపాయం కనిపెట్టింది అందుకే కదా!

మీరేమంటారు? మీ పిల్లలు ఏ ఆట ఆడుతున్నారు, ఎక్కడ ఆడుతున్నారు?