శాసనం ఫొటో పెట్టొచ్చు.. లొకేషన్ పెట్టొచ్చా? ఫణిగిరి చెబుతున్న పాఠం ఇదే!

సూర్యాపేట జిల్లా తుంగతుర్తి నియోజకవర్గం, నాగారం మండలంలోని ఫణిగిరి. పాము పడగలా కనిపించే గుట్ట, దాని మీద ఇక్ష్వాకుల కాలం నాటి బౌద్ధ విహారం శిథిలాలు. 2024 మార్చి చివర్లో ఇక్కడ తవ్వుతున్న పురావస్తు సిబ్బందికి రెండు అడుగుల లోతులో ఒక మట్టి కుండ కనిపించింది. తెరిచి చూస్తే అన్నీ సీసపు నాణేలే. లెక్కపెడితే 3,730. ఒకవైపు ఏనుగు, ఇంకోవైపు ఉజ్జయిని చిహ్నం. ఏప్రిల్ మొదటి వారంలో రాష్ట్ర వారసత్వ శాఖ ఈ సంగతి ప్రకటించగానే కుండ ఫొటో తెలుగు రాష్ట్రాల్లో ఫోన్లన్నీ చుట్టేసింది.

ఇక్కడే ఒక ప్రశ్న. ఇదే కుండ ఏ రైతు నాగలికో తగిలి, అధికారుల కంటే ముందు వాట్సాప్ గ్రూపుల్లోకి వెళ్లి ఉంటే? ఆ 3,730లో ఎన్ని మిగిలేవి?

కుండ కాదు.. కుండ ఉన్న చోటే చరిత్ర

సీసపు నాణేలకు కరిగిస్తే పెద్దగా ధర రాదు. వాటి విలువంతా అవి దొరికిన తీరులోనే ఉంది. ఏ పొరలో, ఎంత లోతులో, వేటి పక్కన ఉన్నాయన్నదే అసలు ఆధారం. అదే తవ్వకాల్లో రాతి పూసలు, గాజు పూసలు, శంఖు గాజుల ముక్కలు, ఇనుప మేకులు, పిల్లల బొమ్మ బండి చక్రం కూడా బయటపడ్డాయి. ఇవన్నీ కలిపి చూస్తేనే గుట్ట మీద ఎలాంటి జీవితం సాగిందో తెలుస్తుంది. కుండను పైకి తీసేసి ఫొటో దిగితే మిగిలేది వస్తువు మాత్రమే. దాని కథ అక్కడితో పోయినట్టే.

సోషల్ మీడియా వల్ల మేలు లేదా?

ఉంది, చాలానే ఉంది. ఒకప్పుడు మారుమూల ఊళ్లో శాసనం కనిపిస్తే అది చదివేవారి దాకా చేరడానికి ఏళ్లు పట్టేది. కొన్నైతే చేరకుండానే గోడరాళ్లుగా మారిపోయాయి. ఇప్పుడు ఆలేరు కేంద్రంగా శ్రీరామోజు హరగోపాల్ కన్వీనర్‌గా ఉన్న కొత్త తెలంగాణ చరిత్ర బృందం లాంటి ఔత్సాహికులు ఊరూరా తిరిగి శిల్పాలు, శాసనాలు, ఆదిమానవుల రాతి చిత్రాలు గుర్తిస్తున్నారు. ఫోన్లోనే పంచుకుని చర్చించుకుంటున్నారు. మైసూరులోని భారత పురావస్తు శాఖ శాసన విభాగంలో పనిచేసిన కె.మునిరత్నం రెడ్డి లాంటి నిపుణులు స్థానికులు పంపిన ఫొటోలు చూసి శాసనంలో ఏముందో చెప్పిన సందర్భాలు ఎన్నో.

పదిమందికీ తెలియడమే కొన్నిసార్లు రక్షణ కూడా. కరీంనగర్ జిల్లా కురిక్యాల దగ్గర బొమ్మలమ్మ గుట్ట మీద పదో శతాబ్దపు జినవల్లభుడి శాసనం ఉంది. అందులో తెలుగు కంద పద్యాలున్నాయి. 2008లో తెలుగుకు ప్రాచీన భాష హోదా వచ్చినప్పుడు మన భాష పాతదనానికి చూపించిన సాక్ష్యాల్లో ఇదీ ఒకటి. అలాంటి గుట్టకే గ్రానైట్ తవ్వకాల ముప్పు వచ్చింది. విలువ తెలిసినవాళ్లు గొంతెత్తకపోతే ఇలాంటివి కంకరగా మారడానికి ఎంతో సమయం పట్టదు.

మరి చిక్కు ఎక్కడ?

మొదటిది గుప్తనిధుల పిచ్చి. పాడుబడ్డ గుడిలో విగ్రహం కింద, శాసనం రాయి కింద బంగారం ఉంటుందని నమ్మి రాత్రిపూట తవ్వేవాళ్లు తెలంగాణలో ఇప్పటికీ పట్టుబడుతూనే ఉన్నారు. కాపలా లేని చోటు గురించి పోస్టు పెట్టి, కింద గూగుల్ మ్యాప్ లింకు కూడా ఇస్తే అది వాళ్లకు దారి చూపించినట్టే.

రెండోది రంగులు. అక్షరాలు ఫొటోలో బాగా పడాలని రాయి మీద సున్నం, పసుపు, పెయింటు పూసేస్తుంటారు. కొందరు మేకుతో గీకుతారు కూడా. వెయ్యేళ్ల వానకు తట్టుకున్న అక్షరం ఒక్క గీతతో పాడైపోతుంది. నిజానికి రాయిని ముట్టుకోనక్కర్లేదు. సాయంత్రం పూట టార్చిలైటు పక్క నుంచి వేస్తే చాలు, నీడలు పడి అక్షరాలు వాటంతటవే తేలతాయి.

మూడోది తొందరపాటు. ఒక్క అంకె తప్పు చదివినా చరిత్ర మారిపోతుంది. దానికి ఉదాహరణ ఫణిగిరిలోనే ఉంది. ఇక్కడి ధర్మచక్ర స్తంభ శాసనం ఇక్ష్వాకు రాజు రుద్రపురుషదత్తుడి 18వ పాలనా సంవత్సరం నాటిది. రాజుగారి ప్రధాన వైద్యుడు ఈ ధర్మచక్రాన్ని నిలబెట్టించాడు. అంతకుముందు తెలిసిన శాసనాలు ఆ రాజు 11వ ఏడు దగ్గరే ఆగిపోయాయి. అంటే ఒకే ఒక్క రాయి ఆయన పాలనను కనీసం ఏడేళ్లు ముందుకు జరిపింది. ఆ అంకెను ఎవరో హడావిడిగా చదివి, అదే పదివేల మందికి ఫార్వర్డ్ అయి ఉంటే? తప్పు ముందే ఊరు దాటేది. సవరణ వెనకాల నడుచుకుంటూ వచ్చేది. పైగా "మా ఊరు రెండు వేల ఏళ్ల నాటిది", "ఈ రాజు మా వాడే" అనే పోస్టులకు వచ్చినన్ని లైకులు, "ఇంకా పరిశీలించాలి" అనే మాటకు రావు.

చట్టం ఏమంటోంది?

1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇప్పటికీ అమల్లోనే ఉంది. భూమిలో దాగి ఉన్నది ఏదైనా దొరికి, దాని విలువ పది రూపాయలు దాటితే, దొరికినవాళ్లు కలెక్టర్‌కు రాతపూర్వకంగా చెప్పాలి. దాచిపెడితే వాటా పోవడమే కాదు, జైలుకూ వెళ్లాల్సి రావొచ్చు. 1972 నాటి పురావస్తువుల చట్టం వందేళ్లు దాటిన శిల్పాలు, నాణేలు, శాసనాలను పురావస్తువులుగా చూస్తుంది. వీటికి తోడు తెలంగాణకు 2017లో సొంత వారసత్వ చట్టం వచ్చింది. అంటే స్టేటస్ పెట్టడం తర్వాతి సంగతి. తహసీల్దార్‌కో, పోలీసులకో, వారసత్వ శాఖకో సమాచారం ఇవ్వడమే మొదటి పని.

మంచి పోస్టు ఎలా ఉండాలి?

దీనికీ నమూనా ఉంది. ఫణిగిరితో సహా పాత ఆంధ్రదేశపు శాసనాలను ఫ్రాన్స్ పరిశోధన సంస్థ నేతృత్వంలో పండితులు "ఎర్లీ ఇన్‌స్క్రిప్షన్స్ ఆఫ్ ఆంధ్రదేశ" పేరుతో ఆన్‌లైన్‌లో పెట్టారు. పైసా కట్టక్కర్లేదు, ఫోన్లోనే చూడొచ్చు. శాసన పాఠం, అనువాదం, ఇంతకుముందు ఎవరు ఎలా చదివారు, ఎక్కడ అక్షరం పోయింది.. అన్నీ విడివిడిగా ఉంటాయి. అనుమానం ఉన్నచోట అనుమానమనే రాస్తారు.

ఊరి కుర్రాళ్లు అంత చేయనక్కర్లేదు. నాలుగు జాగ్రత్తలు చాలు. రాయి పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో కుదించుకుపోయి అక్షరాలు మసకబారతాయి కాబట్టి నిపుణులకు డాక్యుమెంట్‌గా పంపాలి. అలా పంపితే లొకేషన్ వివరాలు కూడా వెంట వెళ్లొచ్చు, అందుకే అది గ్రూపులకు కాదు, నమ్మకస్తులకే. బయట పెట్టే పోస్టులో మండలం పేరుతో ఆగిపోవాలి. చదివినవారి పేరు తప్పకుండా రాయాలి. ఎవరు చదివారో తెలియని శాసనం పోస్టును ఫార్వర్డ్ చేయకపోవడమే మంచిది.

2023లో ఫణిగిరి తోరణ శిల్పం న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం దాకా వెళ్లింది. ప్రపంచం దాన్ని వచ్చి చూసింది. అది ఇన్నాళ్లు మట్టిలో భద్రంగా ఉండబట్టే, తీసినవాళ్లు జాగ్రత్తగా తీయబట్టే అక్కడి దాకా చేరింది. తుంగతుర్తి చుట్టుపక్కల చెలకల్లో, చెరువు కట్టల మీద, పాత గుళ్ల వెనకాల ఇంకా ఎవరూ చదవని రాళ్లు ఉండొచ్చు. వాటిని ముందుగా చూసేది పురావస్తు అధికారి కాదు, చేతిలో ఫోన్ ఉన్న ఊరి మనిషే. ఆ మనిషి ముందు ఎవరికి ఫోన్ చేస్తాడన్న దాని మీదే అవి నిలుస్తాయా, పోతాయా అన్నది ఆధారపడి ఉంది.