చూపడం, చదివించడం

జనవరి ఒకటిన హైదరాబాద్ నాంపల్లి మైదానం గేట్లు తెరుచుకుంటాయి. పాతబస్తీకి అది నుమాయిష్. పత్రికలు ‘ప్రదర్శన’ అని రాస్తాయి గానీ, ఇంట్లో పిల్లలు అనేది మాత్రం ‘ఎగ్జిబిషన్‌కు పోదాం’ అనే.

ఈ మాట చుట్టుపక్కల ఇంకా చాలాచోట్ల తిరుగుతోంది. నాంపల్లి క్రిమినల్ కోర్టుల్లో సాక్ష్యంగా దాఖలైన కాగితం ‘ఎగ్జిబిట్ పి-1’. అబిడ్స్‌లో రామకృష్ణ, సంతోష్, సప్న వెలిగిన రోజుల నుంచీ సినిమావాళ్ల భాషలో హాలు నడిపేవాడు ఎగ్జిబిటర్.

లాటిన్‌లో దీని మూలానికి చేత పట్టి బయటికి చాపడమని అర్థం. చాపిన చెయ్యి చూపించనూ వచ్చు, ఇవ్వనూ వచ్చు. ఇంగ్లీషులో తొలినాళ్లలో ఇవ్వడమే బలంగా ఉండేది: ఒకరి తిండీ బట్టా భరించడం ఎగ్జిబిషన్. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిల్లో విద్యార్థి భృతికి ఆ పేరు చాలాకాలం నిలిచింది. 18వ శతాబ్దపు లండన్‌లో చిత్రకారులు తమ బొమ్మల కొలువుకు ఆ మాట వాడుకున్నారు. 1851లో హైడ్ పార్క్ గాజు మందిరంతో అది సరుకుల జాతరై లోకమంతా పాకింది. పోషణ అన్న అర్థం మరుగున పడింది.

మన దగ్గర మాత్రం అది మళ్లీ చిగురించింది. హైదరాబాద్ రాజ్యంలో ఆర్థిక సర్వే చేయించాలనుకున్న ఉస్మానియా పట్టభద్రులు, డబ్బు కోసం 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో పది రోజులపాటు స్థానిక వస్తువులను కొలువు తీర్చారు. ‘నుమాయిష్ మస్నూఆతే ముల్కీ’ అని పేరు పెట్టారు. 1946లో అది ఇప్పటి మైదానానికి వచ్చింది. 1949 నుమాయిష్‌ను రాజాజీ ప్రారంభించారు. చూపించి సంపాదించడం, సంపాదించింది చదువుకు పెట్టడం నుమాయిష్ నడిపే ఎగ్జిబిషన్ సొసైటీ ఆనవాయితీ అయింది. సొసైటీ నడిపే సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయం, కమలా నెహ్రూ పాలిటెక్నిక్ ఆ మైదానంలోనే ఉన్నాయి. జెయింట్ వీల్ ఎక్కేవాడికి తెలియకపోవచ్చు. అతను కొన్న టికెట్‌లో ఒక ఆడపిల్ల చదువుకూ వాటా ఉంది. ఆక్స్‌ఫర్డ్ భృతికి ఉన్న అర్థమే ఇది, పైగా ఇక్కడ ఇచ్చేది ఊరి జనం.

నుమాయిష్‌లో 2019 జనవరి 30 నాటి అగ్నిప్రమాదం తర్వాత భద్రత గురించి గట్టిగా అడగడం న్యాయం. రద్దీ బాధా నిజమే. కానీ నుమాయిష్‌ను ఊరి బయటికి తరలించాలనేవారు, ఆ కాలేజీలకు అండ ఎక్కడి నుంచి వస్తుందో ముందు చెప్పాలి.