ధర్మార్థమైన సైకిలు యాత్రలు

మన పాఠశాలకు ప్రతిదినమును సైకిళ్ళమీద వచ్చు విద్యార్థులు అనేకులు గలరు. సైకిలు వారికి బడికి చేరు సాధనము. చక్రము పంచరైన దినమున ఆలస్యమునకు సాకు. పాశ్చాత్య దేశములయందు ఇదే సైకిలు ధర్మకార్యమునకును సాధనమైనది. ఒకడు ఇన్ని మైళ్ళు పోయెదనని ప్రకటించును. అతని బంధుమిత్రులును, సంఘస్థులును మైలు ఒక్కింటికి ఇంతయని గాని, మొత్తముమీద ఇంతయని గాని చందా వ్రాయుదురు. ఆ ధనము ఆసుపత్రికో, అనాథలకో, ఇల్లులేని వారికో చేరును.

దీనినిగూర్చి విన్న తలిదండ్రులు అడుగు ప్రశ్న న్యాయమైనదే. ఇచ్చువారు ఎట్లును ఇచ్చుచుండగా, నడుమ ఈతడు కాళ్ళు నొప్పిచేసికొననేల? ఆ ధనమును తిన్నగా పంపరాదా? ఇంతకంటె కఠినమైన ప్రశ్న మరియొకటి గలదు. ధర్మము మనుష్యుల కన్నులయెదుట చేయరాదని ప్రభువు కొండమీద బోధించియుండగా, వీపుమీద అంకె కట్టుకొని ఊరూర తిరుగుట ఎట్టి ధర్మము? నా అభిప్రాయమున మొదటి ప్రశ్నకు తగిన సమాధానము గలదు. రెండవదానికి మాత్రము మనము భయపడుచునే యుండవలెను.

యెరూషలేములోని బీద పరిశుద్ధులకొరకు పౌలు మాసిదోనియ, అకయ దేశములయందు చందా ప్రోగుచేసిన సంగతి మనమందరము ఎరుగుదుము. కొరింథీయులకు వ్రాయుచు, మీరు యోగ్యులని యెంచినవారిచేత దానిని పంపెదననియు, తగినయెడల నేనును వెళ్ళెదననియు అతడు తెలియజేసెను. పంపుటకు మార్గము లేకపోలేదు. అయినను తుదకు తానే బయలుదేరెను. ఆ ప్రయాణమునందే, తక్కినవారు ఓడ యెక్కియుండగా, త్రోయనుండి అస్సువరకు అతడు కాలినడకను పోయెను. ఎందులకో లూకా చెప్పడు. కానుకను పంపుట ఒకటి, కానుకతోకూడ తానును పోవుట మరియొకటి అని ఆ అపొస్తలుడు ఎరిగియుండెనని మాత్రము నేను తలంచుచున్నాను.

బ్రిటను దేశమున ఇట్టి యాత్రలకు పేరుపొందిన మార్గము నైరృతి మూలనున్న లాండ్స్ ఎండ్ మొదలు స్కాట్లండు ఈశాన్య తీరమందలి జాన్ ఓ గ్రోట్స్ వరకు గలది. బాటవెంట సుమారు 874 మైళ్ళు. 10 మొదలు 14 దినములు పట్టుట సామాన్యము. అచ్చట గాలి తరచుగా నైరృతినుండి వీచును గనుక పెక్కుమంది దక్షిణమునుండి ఉత్తరమునకే పోవుదురు. పటమును చూచినవారికి స్కాట్లండు పర్వతములే కష్టమని తోచును. కాని మొదటి దినములలో తగులు కార్న్‌వాల్, డెవన్ సీమల మిట్టపల్లములే చాలమందిని అలయజేయును. మిట్ట యెక్కగనే పల్లము, పల్లము దిగగనే మరల మిట్ట. బయలుదేరిననాటి ఉత్సాహమంతయు అచ్చటనే వ్యయమగును. పిమ్మట మిగులునది, నిన్న ఒరసికొని పుండైన చోటనే నేడును ఒరసికొనునట్లు ఉదయముననే మరల సీటుమీద కూర్చుండుట. చప్పట్లు కొట్టువారు ఆ వేళ ఎవరును ఉండరు.

ఆకలి కాకమునుపే తినవలెను, దాహము కలుగకమునుపే త్రాగవలెను అని అనుభవశాలురు క్రొత్తవారికి చెప్పుదురు. బలము ఉడిగిన తరువాత తిన్న రొట్టె ఆ మిట్టకు అక్కరకు రాదు. తరువాతి మిట్టకు వచ్చునేమో. ప్రార్థన విషయమునను ఈ మాట నాకు తోచుచుండును. పరీక్షల ముందటి రాత్రి మాత్రమే మోకరించు విద్యార్థులు దీనిని ఆలోచింతురుగాక.

మరియొక సంగతి. ఒకని వెనుక ఒకడు దగ్గరగా తొక్కుచు పోవునప్పుడు, ముందువాడు గాలిని చీల్చుటవలన వెనుకవానికి సుమారు నాలుగవ వంతు శ్రమ తగ్గును. కావున వారు వంతులవారీగా ముందునకు వచ్చుచుందురు. అయినను ఎవడును ఇంకొకని పెడలు త్రొక్కజాలడు. పరుల బరువు మోయవలెనని గలతీయులకు బోధించిన పౌలు, మూడు వచనముల పిమ్మటనే, ఎవని బరువు వాడే మోయవలసియుండునని వ్రాసెను. ఈ రెండు మాటలును ఒకదానికొకటి విరుద్ధములని వాదించువారిని ఒక దినము ఎదురుగాలిలో పదిమందితోకూడ సైకిలు తొక్కించినచో వాదము తీరును.

పై మార్గముననే ఎదురుదిశగా, అనగా ఉత్తరమునుండి దక్షిణమునకు, పోయిన స్త్రీ యొకతె గలదు. ఆమె పేరు జేన్ టామ్లిన్సన్. లీడ్స్ నగరమున రోగులైన పిల్లలకు ఎక్స్‌రే తీయు ఉద్యోగిని, ముగ్గురు బిడ్డల తల్లి. ఆమె క్యాన్సరు ఇక కుదురునది కాదనియు, ఆరు మాసములు మాత్రము బ్రతుకవచ్చుననియు 2000 సంవత్సరమున వైద్యులు తెలిపిరి. 2003లో సోదరునితో కలిసి జాన్ ఓ గ్రోట్స్ నుండి లాండ్స్ ఎండ్ చేరెను. 2004లో రోము నగరమునుండి తన యింటివరకు వచ్చెను. 2006లో అమెరికాయందు శాన్ ఫ్రాన్సిస్కో మొదలు న్యూయార్కు వరకు 4,200 మైళ్ళు తొమ్మిది వారములలో పోయెను. 2007 సెప్టెంబరు 3వ తేదీన, 43 ఏండ్ల వయస్సున, మరణించెను. అప్పటికి ఆమె ధర్మకార్యములకు చేర్చిన ధనము సుమారు 18,50,000 పౌండ్లు.

ఆమె ఇంట కూర్చుండి ఉత్తరములు వ్రాసి చందా యడిగినచో ఇంత వచ్చెడిదా? రాదనియే నా నమ్మకము. ఇచ్చువారి దయ కొరతయని కాదు. బాధను గూర్చి వినుట వేరు, ఆ బాధతోనే యొకరు మన వీధివెంట పోవుచుండగా చూచుట వేరు. సమరయుడును పూటకూళ్ళవానికి రెండు దేనారములు ఇచ్చెను గాని, అంతకుముందు గాయపడినవానిని తన వాహనముమీద ఎక్కించెను. తాను ప్రక్కను నడచియే యుండును.

ఇక ఆ కఠినమైన ప్రశ్న. పరులధనముతో దేశాటనము చేసి దానికి ధర్మమని పేరు పెట్టువారు లేకపోలేదు. యాత్రికుడు తన తిండికిని, బసకును, సైకిలు మరమ్మతుకును తానే ఇచ్చుకొనవలెనని నేను గట్టిగా చెప్పుదును. అమెరికాలోని మాసచూసెట్స్ రాష్ట్రమున 1980లో 36 మందితో ఆరంభమైన యొక యాత్ర బోస్టనులోని డానా-ఫార్బర్ క్యాన్సరు వైద్యశాలకు ధనము చేర్చుచున్నది. యాత్రికులు ప్రోగుచేసిన దానిలో ప్రతి డాలరును 2007 మొదలు ఆ వైద్యశాలకే పోవుచున్నది. ఖర్చులకు ప్రవేశ రుసుమును, ఇతరుల సహాయమును వేరుగా గలవు. ఇదియే సరియైన పద్ధతి. ఇట్లే 2008లో క్రిస్టియన్ రిఫార్మ్డ్ సంఘమువారు బీదలకొరకు సియాటిల్ నుండి జెర్సీ సిటీ వరకు తొమ్మిది వారములు పోయిరి; ఆదివారములందు చక్రములు నిలిపి ఆయా ఊళ్ళ సంఘములతో ఆరాధించిరి. మైళ్ళ లెక్కకు దాసులైనవారు అట్లు నిలుపజాలరు.

పౌలు కూడ ఆ చందా విషయమున తనమీద ఎవరును తప్పు మోపకుండునట్లు, సంఘములు ఏర్పరచిన సహోదరుని తీతుతో జతపరచెను. అపొస్తలునికే సాక్షులు కావలసివచ్చిరి. కావున మన బాలబాలికలు ఎప్పుడైనను ఇట్టి యాత్రకు అనుమతి గోరి వచ్చినయెడల, తలిదండ్రులు మొదట అడుగవలసినది ఎన్ని మైళ్ళని కాదు, చందా లెక్క యెవరు వ్రాయుచున్నారని. పిదప బ్రేకులు చూడవలెను.